రెండు ప్రాసెసర్లుంటే రెట్టింపు వేగమా?



ఈ నెల విషయం నేను ఏరుకున్నది కాదు. తెనాలి నుంచి ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉత్తరం వ్రాసింది. వాళ్ళ నాన్నగారు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి, వాటిని కంప్యూటరులో కత్తిరించి, అతికించి, పాటలు చేర్చి ఇస్తారట. ఇప్పుడున్న కంప్యూటరు నిదానంగా ఉన్నదని, రెండు ప్రాసెసర్లున్న పెద్ద యంత్రం కొందామని అనుకుంటున్నారట. డబ్బు చాలక అప్పు చేయబోతున్నారు. ‘‘తాతగారూ! రెండు ప్రాసెసర్లుంటే పని సగం సమయంలో అయిపోతుందని దుకాణం ఆయన చెప్పాడు. నిజమేనా? నాన్న అప్పు చేయవచ్చునా?’’ అని అమ్మాయి అడిగింది.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలను. రెండవది వాళ్ళ నాన్నగారే తేల్చుకోవాలి. కాని మొదటిది సరిగ్గా తెలిస్తే రెండవది తేల్చుకోవడం సులువు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఈ ప్రశ్నకు ఒకప్పుడు నేనే తప్పు జవాబు చెప్పుకొని, పదిమందిలో తల వంచుకున్నాను. ఆ కథా చెబుతాను.

ముందు ప్రాసెసరు అంటే ఏమిటో రెండు మాటలు. కంప్యూటరులో లెక్క చేసే గుమాస్తా అదే. రెండంకెలు కలుపుతుంది, తీసివేస్తుంది, ఏది పెద్దదో చూస్తుంది, జవాబును చెప్పిన చోట పెడుతుంది. మీరు ఆడే ఆటలూ, చూసే బొమ్మలూ అన్నీ చివరకు ఈ చిన్న పనుల మూటలే. ఈ గుమాస్తా ఒక గడియారపు టిక్కుల ప్రకారం నడుస్తాడు. మన గడియారం సెకనుకు ఒకసారి టిక్కుమంటుంది. 3 గిగాహెర్ట్జుల ప్రాసెసరు గడియారం సెకనుకు 300 కోట్ల సార్లు టిక్కుమంటుంది!

1971లో ఇంటెల్ కంపెనీ తయారుచేసిన 4004 అనే ప్రాసెసరులో 2,300 ట్రాన్సిస్టర్లుండేవి. దాని గడియారం సెకనుకు సుమారు 7 లక్షల 40 వేల టిక్కులే. ఆ తరువాత ముప్పయి ఏళ్ళపాటు ఏటేటా టిక్కులు పెరుగుతూ వచ్చాయి. కంప్యూటరు నిదానంగా ఉన్నదా? రెండేళ్ళు ఓపిక పట్టి కొత్తది కొనుక్కో, అదే వేగంగా ఉంటుంది అనేవారు. 2004 నాటికి ఈ పరుగు ఆగిపోయింది. కారణం వేడి. గడియారాన్ని తొందరపెట్టాలంటే విద్యుత్తు ఒత్తిడి, అంటే వోల్టేజి, పెంచాలి. వోల్టేజి రెట్టింపైతే ఖర్చయ్యే విద్యుత్తు రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. టిక్కులు పెరిగినందుకు ఇంకా పెరుగుతుంది. ఆ విద్యుత్తంతా గోరంత బిళ్ళలో వేడిగా మారితే దానిని చల్లార్చడం ఎవరి తరం? ఆ ఏడాదే ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జుల పెంటియం 4 ను తయారుచేసే ఆలోచన మానుకున్నది.

ఒక గుమాస్తాను ఇంతకంటే తరమలేము గనుక ఇద్దరిని పెడదాం అన్నారు. ఈ ఊహ కొత్తది కాదు. బరోస్ అనే అమెరికా కంపెనీ 1961లోనే తన బి 5000 యంత్రానికి రెండు ప్రాసెసర్లు తగిలించుకునే వీలు కల్పించింది. 2001లో ఐబియం వారు పవర్ 4 అనే ఒకే బిళ్ళమీద రెండు ప్రాసెసర్లు చెక్కారు. 2005లో ఇంటెల్, ఎఎండి కంపెనీలు ఇళ్ళలో వాడే కంప్యూటర్లకు కూడా అటువంటి బిళ్ళలు అమ్మాయి. ఒకే బిళ్ళలో ఉన్న ఇటువంటి గుమాస్తాలను ‘‘కోర్లు’’ అంటారు. ఇక్కడే ‘‘రెట్టింపు’’ అనే మాట దుకాణాలలోకి వచ్చింది. నా కథ కూడా అక్కడే మొదలవుతుంది.

2006లో నేను హెడ్మాష్టరుగా ఉన్న బడికి యాభై ఏళ్ళు నిండాయి. పూర్వవిద్యార్థులు చందాలు వేసుకొని పండుగ తలపెట్టారు. బడి చరిత్ర మీద గంటసేపు సాగే వీడియో ఒకటి తీశాము. అందులో మా బడి మొదటి హెడ్మాష్టరుగారు కూర్చొని, పాకలో బడి పెట్టిన రోజులు చెబుతారు. ఎనభై దాటినవారు. పక్క జిల్లాలో కొడుకు దగ్గర ఉండేవారు. పండుగకు బస్సులో వచ్చారు.

ఆ వీడియోను అందరి ఇళ్ళలో ఆడే డిస్కుగా మార్చాలంటే కంప్యూటరు చాలా లెక్కలు చేయాలి. మా పాత కంప్యూటరుకు ఆ పని 4 గంటలు పట్టేది. చందాల డబ్బులో నుంచి 9 వేల రూపాయలు అదనంగా ఇచ్చి, పాతది మార్పిడికి పెట్టి, రెండు కోర్లున్న కొత్త యంత్రం తెప్పించాను. ‘‘రెండు ప్రాసెసర్లండీ! సగం టైములో అయిపోతుంది’’ అన్నాడు అమ్మినతను. నేను లెక్కల మాష్టరును. 4 ని 2 చేత భాగిస్తే 2 అని చేసుకున్నాను. ఇంకేమీ అడగలేదు.

సభ రోజున చివరి మార్పులు చేసేసరికి సాయంత్రం 4 గంటలైంది. పని మొదలుపెట్టించాను. ఆరింటికి సిద్ధం, ఏడింటికి ప్రదర్శన అనుకున్నాను. ఆరైంది. యంత్రం ఇంకా సగం కూడా పూర్తిచేయలేదు. ఏడైంది. సభలో పాటలు పాడించాము, ఉపన్యాసాలు పొడిగించాము. గురువుగారు 7.45 బస్సుకు వెళ్ళాలి. అదే ఆఖరి బస్సు. నా చెయ్యి పట్టుకొని, ‘‘పరవాలేదయ్యా, మరెప్పుడైనా చూస్తాను’’ అని వెళ్ళిపోయారు. 8 గంటల 17 నిమిషాలకు డిస్కు తయారైంది. అంటే 4 గంటల 17 నిమిషాలు పట్టింది. పాత యంత్రం కంటే 17 నిమిషాలు ఎక్కువ!

రెట్టింపు వేగం ఏమైంది?

మా కంప్యూటరు గదిలో సాయం చేస్తున్న పదవ తరగతి అమ్మాయి ఒకతె సాయంత్రమంతా తెరమీద ఒక మూల చూస్తూ కూర్చున్నది. ప్రాసెసరు ఎంత పనిలో ఉన్నదో నూటికి ఇంత అని చూపే చిన్న కిటికీ అది. ‘‘సార్! ఇది యాభై దగ్గరే ఆగిపోయింది. ఒక్కసారి కూడా నూరు కాలేదు’’ అన్నది.

ఆ ఒక్క మాటలో రహస్యమంతా ఉన్నది. రెండు కోర్లు కలిసి చేయగల పని నూరు అయితే, జరుగుతున్నది యాభై. అంటే ఒకరి పనే నడుస్తున్నది, ఇంకొకరు కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారు? మా వీడియోను మార్చే ప్రోగ్రాము ఒకే గుమాస్తా ఉన్న రోజుల్లో వ్రాసినది. ‘‘ఇది చెయ్యి, తరువాత ఇది, తరువాత ఇది’’ అని ఒకే వరుసలో పనులు చెబుతుంది. రెండవ గుమాస్తా ఉన్నాడని దానికి తెలియనే తెలియదు.

మరి 17 నిమిషాలు ఎక్కువ ఎందుకైంది? దీనికి మీరే లెక్క వేయవచ్చు. పాత యంత్రం గడియారం 3 గిగాహెర్ట్జులు. కొత్తదాని గడియారం 2.8. ఒకే బిళ్ళలో ఇద్దరిని కూర్చోబెట్టినందున వేడి పెరగకుండా ఇద్దరినీ కొంచెం నిదానం చేశారు. 240 నిమిషాలను 3 చేత గుణించి 2.8 చేత భాగించండి. 257 వస్తుంది. అంటే 4 గంటల 17 నిమిషాలు! ఈ లెక్క కొనకముందు చేసి ఉంటే ఎంత బాగుండేది!

యంత్రానికి అన్యాయం చేయకూడదు గనుక ఒక మంచి మాట కూడా చెబుతాను. ఆ సాయంత్రం వీడియో మారుతుండగానే అదే కంప్యూటరు మీద నేను సన్మానపత్రం టైపు చేసుకున్నాను. పాత యంత్రంలోనైతే మీట నొక్కిన కాసేపటికి గాని అక్షరం పడేది కాదు. కొత్తదానిలో వెంటనే పడింది. కూర్చున్న గుమాస్తా నా పని అందుకున్నాడన్నమాట. రెండు వేర్వేరు పనులున్నప్పుడు రెండవ ప్రాసెసరు ఆ మేరకు ఉపయోగపడుతుంది. ఒకే పనిని తొందరగా ముగించడం వేరే సంగతి.

ఇది మీ వంటింట్లో చూడండి. ఒక అట్టు కాలడానికి 2 నిమిషాలు పడుతుందనుకోండి. రెండు పొయ్యిలు వెలిగించి రెండు పెనాలు పెడితే ఆ ఒక్క అట్టూ ఒక నిమిషంలో కాలుతుందా? కాలదు. కాని ఇంట్లో పదిమంది కూర్చుని ఉంటే రెండు పెనాల మీద అట్లు రెట్టింపు వస్తాయి. అమ్మ రెండు పెనాలూ చూసుకోగలిగితేనే సుమా!

మరునాడు ఒక దాత పేరు తప్పు పడిందని, దానిని దిద్ది వీడియో అంతా మళ్ళీ మార్చవలసివచ్చింది. ఈసారి ఆ అమ్మాయే ఉపాయం చెప్పింది. ‘‘సార్! వీడియోను రెండు ముక్కలు చేద్దాం. ప్రోగ్రామును రెండుసార్లు తెరిచి రెండు ముక్కలూ ఒకేసారి ఇద్దాం.’’ అలాగే చేశాము. చిన్న కిటికీలో అంకె యాభై దాటి, తొంభై దాటి, నూరు దగ్గర నిలిచింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ముక్కలు చేయడానికి 5 నిమిషాలు. రెండు ముక్కలూ మారడానికి 140 నిమిషాలు. చివరకు అతికించడానికి 10 నిమిషాలు. మొత్తం 155. ముందటి 257 తో పోల్చితే పని వేగం 1.66 రెట్లైంది. చాలా మేలు. కాని రెండు కాదు.

ఈ లోటు ఎక్కడిదో చూద్దాం. ముక్కలు చేయడానికీ అతికించడానికీ పట్టిన 15 నిమిషాలలో ఒక గుమాస్తాకే పని. అది తెలుస్తూనే ఉన్నది. కాని 257 లో సగం 128న్నర గదా, 140 ఎందుకు పట్టింది?

నా చిన్నతనంలో మా ఇంట్లో వడ్లు రోట్లో దంచేవారు. ఒక్కరే దంచితే నిదానం. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, ఒకే రోటిలో రెండు రోకళ్ళతో మార్చి మార్చి పోటు వేసేవారు. ఒక రోకలి పైకి లేచినప్పుడు రెండవది దిగేది. చూడ ముచ్చటగా ఉండేది. కాని ఇద్దరూ తమకు తోచినట్టు వేయడానికి వీలులేదు. ఒకరి పోటు కోసం ఇంకొకరు రెప్పపాటు ఆగాలి. మూడవ మనిషి కూడా రోకలి పట్టిందంటే మరింత నేర్పు కావాలి. నలుగురైదుగురు చేరితే రోకళ్ళు ఒకదానికొకటి కొట్టుకోవడమే గాని బియ్యం రావు. మనుషులు పెరిగారు, రోలు ఒక్కటే.

కంప్యూటరులో ఆ రోలు మెమొరీ. లెక్కకు కావలసిన అంకెలన్నీ అందులో ఉంటాయి. మా యంత్రంలో రెండు కోర్లకూ అక్కడికి పోయే దారి ఒక్కటే. ఒకరు అంకెలు తెచ్చుకుంటుంటే ఇంకొకరు ఆగాలి. డిస్కు కూడా ఒక్కటే. పైగా ప్రతి కోరు తన పక్కనే ఒక చిన్న అరలో కొన్ని అంకెల నకళ్ళు ఉంచుకుంటుంది. ఒకరు ఒక అంకెను మార్చితే, ఇంకొకరి అరలో ఉన్న పాత నకలు చెల్లదని కబురు పంపాలి. లేకపోతే ఒకే బ్యాంకు ఖాతాలో ఇద్దరు గుమాస్తాలు వేర్వేరు నిలవలు చూపినట్టవుతుంది. ఈ కబుర్లకూ ఈ ఆగడాలకూ మా 11న్నర నిమిషాలు పోయాయి.

ఈ అరల వలన అరుదుగా ఒక వింత కూడా జరుగుతుంది. ఒక అరలో పట్టని అంకెలు రెండు అరలలో సర్దితే పూర్తిగా పట్టాయనుకోండి, మెమొరీ దాకా నడిచే పనే తప్పుతుంది. అప్పుడు వేగం రెట్టింపు కంటే కూడా ఎక్కువ కావచ్చు! ఇది లాటరీ వంటిది. దీనిని నమ్ముకొని ఎవరూ యంత్రం కొనకూడదు.

ఆ ఆదివారం డిస్కు పట్టుకొని గురువుగారి ఊరు వెళ్ళాను. వారి ఇంట్లో టీవీలో పెట్టి చూపించాను. తాము కట్టిన పాకబడి ఫొటో వచ్చినప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత, ‘‘ఆ రోజు ఎందుకు ఆలస్యమైందయ్యా?’’ అని అడిగారు. అంతా చెప్పాను. వారు రైతుబిడ్డ. విని నవ్వి, ‘‘రెండో ఎద్దును కొన్నావు గాని కాడి వేయలేదన్నమాట!’’ అన్నారు. ప్రాసెసర్లను గురించి నేను చదివిన పుస్తకాలలో ఇంత పొట్టిగా చెప్పినది ఇంకొకటి కనబడలేదు.

ఐతే కాడి వేసినా కొన్ని పనులు ఇద్దరికి పంచబడవు. మీ స్నేహితునితో కలిసి ఈ పరీక్ష చేయండి. 40 అంకెలు కాగితం మీద వ్రాసి, చెరి 20 కూడి, చివర రెండు మొత్తాలూ కలపండి. ఒక్కరు చేసినదానికి దాదాపు సగం సమయంలో అవుతుంది. ఇప్పుడు ఇంకొక లెక్క. 7 తో మొదలుపెట్టండి. 3 చేత గుణించి 1 కలపండి. 22 వస్తుంది. దానిని మళ్ళీ 3 చేత గుణించి 1 కలపండి. 67. మళ్ళీ చేస్తే 202. ఇలా 20 సార్లు చేయాలి. ‘‘మొదటి పది నేను చేస్తాను, చివరి పది నువ్వు చెయ్యి’’ అని స్నేహితునితో అనగలరా? మీ పదవ జవాబు వచ్చేదాకా అతడు పెన్సిలు నములుతూ కూర్చోవలసిందే. మీలో గడుసువారు అడ్డదారి సూత్రం కనిపెట్టి ఇరవయ్యవ జవాబు ఒక్కసారిగా చెప్పవచ్చు. కాని ఆ గొప్ప మీ బుద్ధిది, రెండవ మనిషిది కాదు.

ఈ సంగతిని పెద్ద యంత్రాల విషయంలో గట్టిగా చెప్పినవాడు జీన్ ఆమ్దాల్. 1922లో అమెరికాలోని దక్షిణ డకోటాలో పుట్టాడు. ఐబియం వారి ప్రసిద్ధమైన సిస్టం 360 యంత్రాల ముఖ్య శిల్పులలో ఒకడు. 2015లో చనిపోయాడు. 1967లో అట్లాంటిక్ సిటీలో జరిగిన ఒక కంప్యూటరు సభలో ఆయన మూడు పుటల వ్యాసం ఇచ్చాడు. ఆ రోజుల్లో కొందరు, ప్రాసెసర్లను పదులు వందలుగా చేర్చుకుంటూ పోతే ఎంత వేగమైనా వస్తుందనేవారు. ఆమ్దాల్ అడ్డు చెప్పాడు. పనిలో పంచడానికి వీలులేని భాగమే చివరకు మిమ్మల్ని పట్టి ఆపుతుందన్నాడు. ఆ వ్యాసంలో ఆయన సూత్రమేదీ వ్రాయలేదు. తరువాతివారు దానిని సూత్రంగా పేర్చి ఆమ్దాల్ నియమం అన్నారు.

సూత్రం అక్కరలేదు, ఐదవ తరగతి లెక్క చాలు. 100 నిమిషాల పని ఉన్నది. అందులో 10 నిమిషాల భాగం పంచబడదు. మిగిలిన 90 పంచవచ్చు. ఇద్దరైతే 90 లో సగం 45, దానికి 10 కలిపితే 55 నిమిషాలు. వేగం సుమారు 1.8 రెట్లు. పదిమందైతే 9 కి 10 కలిపి 19 నిమిషాలు. వేగం 5 రెట్లకు కొంచెం పైన. వెయ్యిమందైతే? పంచిన భాగం ఆరు సెకన్లలోపే ముగుస్తుంది. కాని ఆ 10 నిమిషాలూ అలాగే ఉంటాయి. వెయ్యిమంది కూలి ఇచ్చినా వేగం 10 రెట్లు దాటదు! పనిలో పదవవంతు పంచబడకపోతేనే ఇంత. పంచబడనిది సగం ఉంటే ఎంతమందిని పెట్టినా రెట్టింపు కూడా రాదు. వేసి చూడండి.

మనుషుల విషయంలో ఈ చిక్కును ఇంకా ముందే ఊహించినవాడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో గాయపడినవారిని మోసే బండ్ల దళంలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా, ఆరు గంటలలో వాతావరణం ఎలా మారుతుందో చేతితో లెక్క కట్టాడు. జవాబు తప్పింది. అయినా నిరాశపడలేదు. 1922లో వేసిన పుస్తకంలో ఒక కల వర్ణించాడు. గుండ్రటి మహామందిరం. గోడలమీద భూగోళం పటం. అందులో 64,000 మంది కూర్చొని, ఎవరి ప్రాంతం లెక్క వారు చేస్తుంటారు. నడుమ ఎత్తైన మంచె మీద ఒక నాయకుడు. ఎవరైనా తక్కినవారికంటే ముందుకు పోతుంటే వారిమీద గులాబిరంగు దీపం వేస్తాడు. వెనకబడినవారిమీద నీలిదీపం వేస్తాడు.

ముందుకు పోయేవారిని ఆపడం ఎందుకంటారా? పక్క ప్రాంతం గాలి ఎంతో తెలియకుండా తన ప్రాంతపు తరువాతి లెక్క ఎవరూ చేయలేరు గనుక! అందరూ అడుగు కలపాలి. అందరిలోకి నిదానమైనవాడి అడుగే అందరి అడుగు. నేటి కంప్యూటర్లలో దీపాలకు బదులు ప్రోగ్రాములో ‘‘ఇక్కడ ఆగి మిగిలినవారి కోసం చూడు’’ అనే ఆజ్ఞలుంటాయి. నాకు మాత్రం దీపాలే నచ్చుతాయి.

ఐతే ఆమ్దాల్ మాటతో కథ ముగిసిందా? లేదు. 1988లో అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో జాన్ గస్టాఫ్‌సన్ అనే ఆయన ఇంకొక వైపు నుంచి చూశాడు. 1,024 ప్రాసెసర్ల యంత్రంతో కొన్ని పనులలో వెయ్యి రెట్లకు పైగా వేగం వచ్చినట్టు చూపాడు. ఆమ్దాల్ తప్పాడా? కాదు. ఇద్దరూ అడిగిన ప్రశ్నలు వేరు. పని ఇంతే ఉంటుంది, ఎంత త్వరగా ముగుస్తుంది అని ఆమ్దాల్ అడిగాడు. సమయం ఇంతే ఉంటుంది, ఎంత పెద్ద పని చేయగలను అని గస్టాఫ్‌సన్ అడిగాడు. అట్టు ఒకటే ఐతే ఆమ్దాల్ మాట. పెళ్ళివారికందరికీ అట్లు పోయాలంటే గస్టాఫ్‌సన్ మాట. మన దేశంలో 1991లో పూనాలోని సిడాక్ సంస్థ తయారుచేసిన పరమ్ 8000 అనే యంత్రం ఈ నమ్మకంతో కట్టినదే. చిన్న ప్రాసెసర్లను చాలా చేర్చి పెద్ద లెక్కలు చేయించారు.

ఇక తెనాలి అమ్మాయికి.

అమ్మాయీ, నా 2006 యంత్రానికీ నేటి యంత్రాలకూ ఒక తేడా ఉన్నది. ఇప్పుడు ఒకే ప్రాసెసరు బిళ్ళలో నాలుగు, ఎనిమిది, అంతకంటే ఎక్కువ కోర్లు ఉంటాయి. మీ నాన్నగారి కంప్యూటరులోనూ కొన్ని ఉండే ఉంటాయి. దుకాణం ఆయన చెప్పే ‘‘రెండు ప్రాసెసర్లు’’ అంటే అటువంటి బిళ్ళలు రెండన్నమాట. పెద్ద పెద్ద సంస్థలు రాత్రింబగళ్ళు వాడే యంత్రాలలో అలా ఉంటాయి. వాటిలో ప్రతి బిళ్ళకూ తన పక్కన తన మెమొరీ ఉంటుంది. ఒకే ఇంట్లో రెండు వాటాలున్నట్టు అనుకో. తన వాటాలో ఉన్న గిన్నె వెంటనే అందుతుంది. పక్క వాటాలో ఉన్న గిన్నె కావాలంటే నడవా దాటి వెళ్ళాలి. అందుచేత రెండు బిళ్ళలూ కలిసి ఒకే వీడియో చేయాలంటే ఈ నడక ఖర్చు కూడా ఉన్నది. పైగా ఎక్కువ కోర్లు కుక్కిన బిళ్ళల గడియారం తరచు కాస్త నిదానంగానే ఉంటుంది. నా 17 నిమిషాలు గుర్తున్నాయి గదా!

అందుచేత నువ్వు చేయవలసినది ఇది. నాన్నగారు వీడియో తయారుచేస్తున్నప్పుడు ఆ చిన్న కిటికీ తెరిచి చూడు. విండోసులో దాని పేరు టాస్క్ మేనేజర్. వీడియో మారుతున్నంతసేపూ ప్రాసెసరు అంకె నూరు దగ్గర ఉంటే, ఉన్న గుమాస్తాలందరూ చెమటోడుస్తున్నారు. అప్పుడు మరికొందరిని పెడితే మేలు ఉంటుంది, రెట్టింపు కాకపోయినా. పన్నెండు, ఇరవై దగ్గర ఆగిందా, ఉన్నవాళ్ళే కూర్చున్నారు. ఇంకొక బిళ్ళ కొంటే కూర్చునేవారు పెరుగుతారు, అంతే. అదే కిటికీలో మెమొరీ, డిస్కు, బొమ్మలు చూసే గ్రాఫిక్స్ కార్డు అంకెలు కూడా ఉంటాయి. నూరు దగ్గర ఏది నిలిచిందో చూడు. డిస్కు అంకె నూరు దగ్గర ఉంటే వేగమైన డిస్కు ఒకటి వేయించడం రెండవ ప్రాసెసరు కంటే చాలా చవక. నేటి వీడియో ప్రోగ్రాములు చాలా పనిని గ్రాఫిక్స్ కార్డుకే అప్పగిస్తాయి. అక్కడ ఇరుకు ఉంటే అదే మార్చాలి.

తరువాత, తయారైన ఒక పెళ్ళి వీడియో ముడి ఫైళ్ళను పెన్‌డ్రైవులో వేసుకొని నాన్నగారితో పాటు దుకాణానికి వెళ్ళు. వారు అమ్మజూపే యంత్రం మీద, నాన్నగారు వాడే ప్రోగ్రాముతోనే, ఆ వీడియో ఒక్కసారి తయారుచేసి చూపించమని మర్యాదగా అడగండి. నీ చేతిలో గడియారం ఉండాలి. ఇంట్లో ఎన్ని నిమిషాలు పట్టిందో ముందే కాగితం మీద వ్రాసుకొని పో. దుకాణంవారి సొంత వీడియోతో చూపిస్తామంటే ఒప్పుకోవద్దు. పరీక్ష చేయనివ్వమంటే ఇంకొక దుకాణం చూసుకోండి.

ఇంకొక ప్రశ్న నాన్నగారినే అడుగు. పెళ్ళిళ్ళ నెలల్లో ఆయన ఒక్కొక్క వీడియో కోసం వేచి ఉంటున్నారా, లేక నాలుగైదు వీడియోలు వరుసలో ఉండిపోతున్నాయా? వరుసలో ఉండిపోతుంటే పెద్ద యంత్రం ఒక్కటి కొనడానికి బదులు, చవకలో ఇంకొక మామూలు కంప్యూటరు పక్కన పెట్టుకుంటే ఎలా ఉంటుందో లెక్క వేయండి. వాటికి రోలు కూడా వేరే గదా!

రెండు అంకెలూ, ఇంట్లోదీ దుకాణంలోదీ, నాకు వ్రాసి పంపు. నాన్నగారు ఒప్పుకుంటే వచ్చే నెల ఈ పేజీలోనే వేద్దాం.